మొదటి బోర్డు పెద్దదే తీసుకోండి: విండ్‌సర్ఫింగ్ నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు



పోస్టు కొంచెం పొడుగే ఉంటది, ఓపిగ్గా చదవండి. గచ్చిబౌలి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక తమ్ముడు పోయిన వారం మాకు ఫోన్ చేశాడు. "అన్నా, విండ్‌సర్ఫింగ్ బోర్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. తెరచాపతో సహా ఇస్తారట. ముగ్గురం స్కాలర్‌షిప్ డబ్బులు కలిపి కొందామనుకుంటున్నాం, ఏమంటారు?" అని అడిగాడు. ఫోటో పంపమన్నాం. బోర్డు చూడ్డానికి బాగానే ఉంది, ఎర్రగా, సన్నగా, మెరుస్తోంది. తోక దగ్గర చిన్న అక్షరాల్లో "85 లీటర్లు" అని రాసి ఉంది. అది చూడగానే "తమ్ముడూ, ఆగు. ఇవాళ డబ్బులు పంపకు" అన్నాం. ఎందుకన్నామో ఫోన్లో సగమే చెప్పగలిగాం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాం. ఇదే ప్రశ్న ఇంకొంతమందికి కూడా ఉందని తెలిసింది.

ముందు మేమెవరమో చెప్పాలి. మేము నలుగురం. చింతూరు, కూనవరం, దుమ్ముగూడెం వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. ఇద్దరికి మాదాపూర్‌లో టెస్టింగ్, సపోర్ట్ ఉద్యోగాలు. ఒకరు యూనివర్సిటీలో పీజీ. ఒకరు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే దుర్గం చెరువు, దాని మీద కేబుల్ బ్రిడ్జి కనిపిస్తాయి. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు అది. రోజంతా స్క్రీన్ ముందు కూర్చున్నవాడికి ఆ నీళ్లు కనబడితే కాళ్లు ఆగవు. అందులోనూ శబరి, గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లం మేము. తెలిసిన ఒక పెద్దాయన దగ్గర పాత బోర్డులు ఉంటే, ఆయన దయవల్ల హుస్సేన్‌సాగర్ మీద రెండు వానాకాలాలు నేర్చుకున్నాం. మేము కోచ్‌లం కాదు. నేర్చుకుంటూ చూసింది, అడిగి తెలుసుకున్నది రాస్తున్నాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. విండ్‌సర్ఫింగ్ అంటే బోర్డు మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను చేతుల్తో పట్టుకుని గాలితో వెళ్లడం. పడవలో తెరచాప కొయ్య కదలకుండా నిలబడి ఉంటుంది. ఇక్కడ అది అన్ని వైపులా వాలుతుంది, దాన్ని మన ఒంటి బరువుతోనే ఆపాలి. చుక్కాని ఉండదు. తెరచాపను ముందుకు వంచితే బోర్డు మూతి గాలివాలు వైపు తిరుగుతుంది, వెనక్కి వంచితే గాలికి ఎదురు తిరుగుతుంది. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ అనే ఇద్దరు దీని పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు. వాళ్ల బోర్డు పొడవు సుమారు పన్నెండు అడుగులు. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి ఒలింపిక్స్‌లో కూడా ఉంది.

దీనికి సముద్రమే కావాలనేం లేదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి విండ్‌సర్ఫింగ్‌లో ఎబాద్ అలీ కాంస్యం తెచ్చాడు. అదే పోటీల్లో చిన్న తెరచాప పడవ మీద రజతం గెలిచిన నేహా ఠాకూర్ సముద్రమే లేని మధ్యప్రదేశ్ అమ్మాయి, భోపాల్ చెరువులో తయారైంది. మన హుస్సేన్‌సాగర్ మీద కూడా సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, సంజీవయ్య పార్కు దగ్గర యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఎన్నో ఏళ్లుగా పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతున్నాయి. చెరువు చాలు. చెరువులో ఏ బోర్డు అన్నదే ప్రశ్న.

ఇప్పుడు లెక్కకు వద్దాం. బోర్డు మీద రాసిన లీటర్లంటే దాని ఘనపరిమాణం. మంచినీళ్లలో ఒక లీటరు సుమారు ఒక కిలోను మోస్తుంది. తమ్ముడి బరువు 62 కిలోలు. తడిసిన బట్టలు, లైఫ్ జాకెట్ కలిపి రెండు కిలోలు. కొయ్య, బూమ్, తెరచాప కలిపి ఎనిమిది తొమ్మిది. బోర్డు సొంత బరువు ఏడెనిమిది. మొత్తం ఎనభై దాటింది. 85 లీటర్ల బోర్డులో ఇంక మిగిలేది నాలుగైదు లీటర్లు. అంటే తమ్ముడు దాని మీద నిలబడగానే అది నీళ్లలోకి దిగిపోయి, చీలమండలు తడుస్తాయి. కాలు ఇటు జరిపితే ఈ మూల, అటు జరిపితే ఆ మూల మునుగుతుంది. సముద్రపు నీళ్లు ఉప్పువల్ల రెండున్నర శాతం దాకా ఎక్కువ మోస్తాయి, చెరువులో ఆ సాయం కూడా లేదు.

మరి చేయి తిరిగినవాళ్లు దాని మీద ఎట్లా వెళ్తున్నారు? వాళ్లు దాని మీద నిలబడి మొదలుపెట్టరు. నీళ్లలో పడుకుని, తెరచాపను గాలికి పట్టి, అది లాగితే లేస్తారు. దీన్ని వాటర్ స్టార్ట్ అంటారు. లేచిన వెంటనే బోర్డు వేగం అందుకుని, నీళ్లను చీల్చడం మానేసి నీళ్లపైన జారుతుంది. ఆ వేగమే దాన్ని మోస్తుంది. చెరువులో రాయి విసిరితే ఎగిరెగిరి పోతుంది చూడండి, అట్లా. వేగం ఆగితే రాయి మునిగినట్టే బోర్డూ మునుగుతుంది. వేగానికి గాలి కావాలి, గంటకు కనీసం ఇరవై, పాతిక కిలోమీటర్ల గాలి, అదీ తెగకుండా.

కొత్తవాళ్ల లెక్క వేరు. ఒంటి బరువు ఎన్ని కిలోలో, దానికి కనీసం వంద కలిపినన్ని లీటర్లు ఉండాలి. 62 కిలోల తమ్ముడికి 160 పైన. పాత పద్ధతి లాంగ్‌బోర్డులు రెండు వందలు దాటి ఉంటాయి. అట్లాంటి దాని మీద మధ్యలో నిలబడితే గట్టు మీద నిలబడ్డట్టే. తెరచాప నీళ్లలో పడిపోతే తాడు పట్టుకుని నిదానంగా పైకి లాక్కోవచ్చు. మొదటి రోజుల్లో మేము గంటలో ఇరవై సార్లు పడేవాళ్లం, ఇరవై సార్లూ ఎక్కేవాళ్లం. పడిన ప్రతిసారీ మళ్లీ ఎక్కడానికి బోర్డు నిలకడగా ఉండాలి, లేకపోతే గంటలో నేర్చుకునేది తెరచాప గురించి కాదు, బోర్డెక్కడం గురించే.

ఇక అసలు సంగతి. ఈ పోస్టు మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోండి. లాంగ్‌బోర్డు మధ్యలో ఒక చీలిక ఉంటుంది. అందులోంచి కత్తిలాంటి పలక ఒకటి నీళ్లలోకి దిగుతుంది. దాన్ని డాగర్‌బోర్డు అంటారు. షార్ట్‌బోర్డుకు ఇది ఉండదు, వెనక చిన్న రెక్క ఒక్కటే ఉంటుంది. తెరచాప మీద గాలి తోసినప్పుడు బోర్డు ముందుకూ పోతుంది, పక్కకూ కొట్టుకుపోతుంది. ఆ పక్కకు పోవడాన్ని ఆపేది డాగర్‌బోర్డు. అది ఆపితేనే గాలికి ఎదురుగా ఎక్కిరాగలం. నేరుగా ఎవరూ ఎదురెక్కలేరు. సుమారు 45 డిగ్రీల వాలులో కాసేపు ఇటు, మలుపు తిరిగి కాసేపు అటు వెళ్తూ పైకి రావాలి. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బస్సును చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కొండకు ఎదురుగా ఏ బస్సూ నిట్టనిలువునా ఎక్కదు, మలుపుల మీదే ఎక్కుతుంది.

హుస్సేన్‌సాగర్‌లో దీని విలువ తొందరగా తెలుస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మనకు పడమటి గాలి. చెరువుకు తూర్పున ట్యాంక్‌బండ్ కట్ట. అంటే తిరిగి రావడం రానివాడు ఎక్కడ దిగినా చివరికి చేరేది ఆ రాతికట్ట దగ్గరికే. మేము నేర్చుకుంటున్న రోజుల్లో ఇంకో కుర్రాడు వచ్చేవాడు. మాకంటే బలమైనవాడు, ఈత బాగా వచ్చినవాడు. షార్ట్‌బోర్డు తెచ్చుకున్నాడు. గాలి ఒక్కసారి పట్టిందంటే ఇరవై ముప్పై గజాలు దూసుకుపోయేవాడు, ఒడ్డున ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. తర్వాత గాలి తగ్గేది. బోర్డు దిగిపోయేది. దాని మీద పొట్టతో పడుకుని చేతుల్తో తెడ్డేసుకుంటూ ఉంటే రెస్క్యూ పడవ వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చేది. వారం రోజులు ఇదే జరిగింది. ఎనిమిదో రోజు రాలేదు. మళ్లీ మేము చూడలేదు.

అదే వారంలో మాలో అందరికంటే తేలికైన చెల్లి, 48 కిలోలుంటది, పెద్దాయన ఇచ్చిన పాత లాంగ్‌బోర్డు మీద ట్యాంక్‌బండ్ వైపు కొట్టుకుపోయింది. దాదాపు నలభై నిమిషాలు పట్టింది, పదకొండు మలుపులు తిరిగింది, మధ్యలో ఆరుసార్లు పడింది. ఎవరి తాడూ పట్టుకోకుండా బయల్దేరిన చోటుకే వచ్చి దిగింది. చప్పట్లేమీ లేవు. పెద్దాయన మాత్రం "ఇంక నీకు రెస్క్యూ పడవ ఎక్కువ కాపలా ఉండక్కర్లేదమ్మా" అన్నాడు. వెళ్లడం గాలే చూసుకుంటది. తిరిగి రావడమే నేర్చుకోవాలి. ఆ నేర్పు డాగర్‌బోర్డు ఉన్న పెద్ద బోర్డు మీద తొందరగా వస్తుంది.

మన నగరం గాలి గురించి కూడా ఒక మాట. వానాకాలం దాటితే హైదరాబాద్‌లో చాలా రోజులు గాలి బలం ఉండదు. ఉన్నది కూడా బిల్డింగుల మధ్య నుంచి విరిగి విరిగి వస్తుంది. దుర్గం చెరువు ఇంకా కష్టం, చుట్టూ గుట్టలు, ఆ పైన టవర్లు, గాలి సుడి తిరుగుతుంది. కంటికి దగ్గరగా ఉంది కదా అని అక్కడ మొదలుపెట్టాలని చూడకండి. ఇట్లాంటి సన్నగాలిలో షార్ట్‌బోర్డు కదలదు. లాంగ్‌బోర్డు మటుకు చెట్టు ఆకులు కదిలేంత గాలి ఉంటే చాలు, నడక వేగంతోనైనా పోతుంది. ఏడాదిలో నేర్చుకునే రోజులు ఎన్ని దొరుకుతాయన్నది బోర్డు మీదే ఆధారపడి ఉంది. సెలవు ఆదివారమే ఉన్న మాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇదంతా చెప్తే తమ్ముడు ఒక మాట అన్నాడు. అది మమ్మల్ని ఆలోచింపజేసింది. "అన్నా, మనల్ని ఎక్కడైనా మొదటి మెట్టు దగ్గరే నిలబెడతారు. కాలేజీలో బ్రిడ్జి కోర్సు, ఆఫీసులో ఏడాది అయినా ట్రైనీయే. ఇక్కడ కూడా పిల్లల బోర్డు ఎక్కమంటారా? ఇక్కడైనా డైరెక్టుగా పోదామన్నా" అన్నాడు.

ఆ మాటలో బాధ మాకు తెలుసు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సెమిస్టర్‌లో సాయంత్రం ఇంగ్లిష్ క్లాసుకు వెళ్లేటప్పుడు, పక్క బెంచీ వాళ్లు చూసే చూపు మేమూ చూశాం. ఒడ్డు మీద కూడా ఒకాయన మా బోర్డును చూసి "ఇది డైనింగ్ టేబులా?" అని నవ్వాడు. కాబట్టి తమ్ముడి మాట తేలిగ్గా తీసేయం. కానీ తమ్ముడూ, రెండు సంగతులు వేరుచేసి చూడు. ఒకళ్లు మనల్ని మెట్టు మీద ఆపేయడం వేరు, మనం ఎక్కడానికి మెట్టు వేసుకోవడం వేరు. పెద్ద బోర్డు చేతకానివాళ్ల బోర్డు కాదు. 1984 నుంచి టోక్యో దాకా ప్రతి ఒలింపిక్స్‌లోనూ విండ్‌సర్ఫింగ్ పోటీ డాగర్‌బోర్డు ఉన్న బోర్డుల మీదే జరిగింది. 1996, 2000, 2004లో వాడిన మిస్ట్రాల్ బోర్డు పొడవు 3.72 మీటర్లు. ఎబాద్ అలీ పతకం తెచ్చిన ఆర్‌ఎస్‌ఎక్స్ బోర్డుకూ డాగర్‌బోర్డు ఉంది. 2024లో నీటి కింద రెక్కలతో పైకి లేచే ఐక్యూఫాయిల్ బోర్డు వచ్చాకే ఆ సంగతి మారింది. ఈ ఆటలో పెద్ద పేరున్న రాబీ నైష్ 1976లో 13 ఏళ్ల వయసులో ప్రపంచ చాంపియన్ అయింది ఆ పన్నెండు అడుగుల బోర్డు మీదే. ఆ తర్వాతే చిన్న బోర్డులతో అలల మీద ఆడాడు.

పదమూడేళ్లు అనగానే మనకు ఇంకో పేరు గుర్తొస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసూ 13 ఏళ్లే. అప్పటికి ఎవరెస్టు ఎక్కిన అమ్మాయిల్లో అందరికంటే చిన్నది. ఆమె కూడా మొదట ఎక్కింది మన భువనగిరి గుట్టే. అక్కడ తాడు పట్టడం నేర్చుకుని, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడాఖ్, అప్పుడు ఎవరెస్టు. భువనగిరిలో మొదలుపెట్టిందని ఎవరూ ఆమెను తక్కువ చేయలేదు. యాట్ క్లబ్‌లో పిల్లలను చూడండి, డబ్బాలాంటి ఆప్టిమిస్ట్ పడవలో మొదలుపెడతారు. రెండున్నర మీటర్లు కూడా ఉండదు, మూతి కూడా మొద్దుగా ఉంటుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద సెయిలర్లు చాలామంది అందులోంచి వచ్చినవాళ్లే.

షార్ట్‌బోర్డును తిట్టడం మా ఉద్దేశం కాదు. అది తేలిక, ఒక చేత్తో ఎత్తుకోవచ్చు. సముద్రం మీద గట్టి గాలి ఉన్నప్పుడు దాని సంతోషమే వేరు. మాలో ఒకరు రెండో వానాకాలం చివర్లో చిన్న బోర్డు మీదికి మారారు, బాగానే వెళ్తున్నారు. ఎప్పుడు మారాలంటే మేము పెట్టుకున్న గుర్తులు ఇవి. గాలి ఏ వైపు నుంచి వచ్చినా బయల్దేరిన చోటుకు తిరిగి రాగలగాలి. డాగర్‌బోర్డు పైకి లాగేసి కూడా ఎదురెక్కగలగాలి. మలుపు తిరిగేటప్పుడు పదిసార్లలో ఎనిమిదిసార్లు పడకుండా ఉండాలి. తెరచాప బరువును చేతుల మీద కాక నడుముకు కట్టిన హార్నెస్ మీద మోయడం రావాలి. నడుం లోతు నీళ్లలో తెరచాప పట్టుకుని, దాని లాగుడుతోనే బోర్డెక్కడం రావాలి. ఈ ఐదూ వచ్చాక కూడా నేరుగా 85కి దూకొద్దు, 130, 120 అట్లా దిగుతూ రావాలి.

ఇంకో మాట. ఇప్పుడు "లాంగ్" అనే మాటను పట్టుకుని మీటర్లు కొలవడం కూడా సరికాదు. ఈ మధ్య వచ్చిన నేర్చుకునే బోర్డులు మూడు మీటర్ల లోపే ఉంటాయి, కానీ వెడల్పుగా, 80 నుంచి 100 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. పిల్లల పోటీల్లో వాడే టెక్నో 293 పొడవు 293 సెంటీమీటర్లే, అయినా రెండు వందల లీటర్లు దాటి ఉంటుంది, డాగర్‌బోర్డు ఉంటుంది. కాబట్టి అమ్మేవాళ్లను మూడే అడగండి: ఎన్ని లీటర్లు, వెడల్పెంత, డాగర్‌బోర్డు ఉందా లేదా. రంగు, కంపెనీ, ఎవరు వాడారు, ఇవన్నీ తర్వాత.

డబ్బు సంగతికొస్తే, మొదటి ఏడాది అసలు బోర్డే కొనకండి. మూడున్నర మీటర్ల బోర్డు హాస్టల్ రూములో పట్టదు, ఆటోలో పట్టదు, మెట్రోలో ఎక్కనివ్వరు. అందుకే చాలామందికి చిన్న బోర్డు కొనాలనిపిస్తుంది, రూములో మంచం కింద పడుతుంది కదా అని. మంచం కింద పట్టేదాన్ని చూసి బోర్డు కొంటే అది మంచం కిందే ఉండిపోతుంది. క్లబ్బు బోర్డు గంటల లెక్కన దొరికితే దాని మీద నేర్చుకోండి. స్కాలర్‌షిప్ డబ్బులు ఎన్ని నెలలు ఎదురుచూస్తే అకౌంట్‌లో పడతాయో మనకు తెలియంది కాదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గోదావరిలో ఈదినవాళ్లం కదా అని లైఫ్ జాకెట్ వదిలేయొద్దు. కొయ్య తలకు తగిలి స్పృహ తప్పితే ఈత పనిచేయదు. హుస్సేన్‌సాగర్ పేరు మీద నిలబడ్డ బుద్ధ విగ్రహం కథ అందరికీ తెలుసు. 1990లో బార్జి మీద తీసుకెళ్తుంటే నీళ్లలో పడిపోయింది, ప్రాణాలు కూడా పోయాయి. 1992లో పైకి తీసి నిలబెట్టారు. నీళ్లు నిదానంగా కనిపించినా బరువు ఒరిగితే ఊరుకోవు. క్లబ్బు తోడు, రెస్క్యూ పడవ లేకుండా ఏ చెరువులోనూ ఒంటరిగా దిగొద్దు. నీళ్లు శుభ్రమైనవి కావు, నోరు మూసుకుని పడడం కూడా నేర్చుకోవాలి. కాళ్లకు పుండ్లుంటే ఆ వారం మానేయండి, బయటికి రాగానే సబ్బుతో స్నానం చేయండి. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డుకు వచ్చేయాలి, ఆ ఎత్తైన కొయ్య పట్టుకుని నీళ్ల మధ్య నిలబడకూడదు.

అంతకుముందే నీళ్ల మీద కాళ్లు నిలదొక్కుకోవాలనుకుంటే వికారాబాద్ దగ్గర కోటపల్లి ప్రాజెక్టుకు వెళ్లి కయాక్ తొక్కి రండి. మన ఊళ్లలో చిన్నప్పుడు దోనె మీద నిలబడి గెడ వేసినవాళ్లకు ఈ ఆటలో సగం వచ్చినట్టే. మోకాళ్లు కొంచెం వంచి, చూపు దూరంగా పెట్టి, నీళ్లు కదిలితే నడుముతో సర్దుకోవడం మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సిన పని కాదు. మాకు మొదటి రోజే పెద్దాయన "మీరు కాళ్లు చూసుకోవట్లేదే" అని ఆశ్చర్యపోయాడు. దోనెలో కాళ్లు చూసుకుంటే పడతాం కదా.

తమ్ముడు ఇంకా ఏమీ తేల్చలేదు. ముగ్గురూ మాట్లాడుకుని చెప్తామన్నారు. నిర్ణయం వాళ్లది, డబ్బు వాళ్లది. మేము చెప్పాల్సింది చెప్పాం. వచ్చే జూన్‌లో గాలి మొదలయ్యాక, నేర్చుకోవాలనుకునేవాళ్లు కామెంట్లో పేరు, బరువు, ఈత వచ్చా రాదా రాయండి. చెల్లెళ్లు మొహమాటపడొద్దు, మాలో బాగా నేర్చుకున్నది చెల్లే. ఐదారుగురు అయితే పెద్దాయనతో మాట్లాడతాం. ఆయన దగ్గర పెద్ద బోర్డులు రెండున్నాయి, ఒకదాని చీలిక దగ్గర పగులుంది, ఆలోపు దాన్ని అతికించి పెట్టాలి.

ఉంటాం మరి, జోహార్.